ప్రార్థన చేసిన నంబరు

ఆ రోజుల్లో బండి నంబరు ప్లేటుకు రెండే బోల్టులుండేవి. పది నంబరు పానా ఒకటి చేతిలో ఉంటే చాలు, పోసుకున్న చాయ్ చల్లారేలోపు ప్లేటు ఊడి ఒళ్ళో పడేది. అంటే, మనిషి మీద నమ్మకంతో బిగించిన ప్లేట్లన్నమాట. ఇప్పటివి అట్లా కావు. ఒకసారి బిగిస్తే విరగ్గొట్టాలి తప్ప విప్పలేం; పైగా వాటి మీద మెరిసే ముద్రలు, కనీకనపడని అంకెలు. మొన్న నా కారుకు అలాంటి ప్లేటు బిగించిన మనిషి చేతులు దులుపుకుంటూ "ఇగ దీన్ని ఎవ్వలు పీకలేరు సార్" అని నా మొఖం చూసి నవ్వాడు. నా సంగతి అతనికి తెలిసే అవకాశం లేదు. అయినా నేను తల దించుకున్నాను. ప్రభుత్వం అంత బుర్ర ఖర్చు పెట్టి ఊడిరాని ప్లేటు తయారు చేయడానికి కారణమైన వాళ్ళలో నేనూ ఒకణ్ణని నాకో అనుమానం. ఎందుకో చెబుతాను. చెప్పుకుంటే కొంత బరువు దిగుతుంది, మీకు కొంత నవ్వు దొరుకుతుంది.

అప్పటికి నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేరి కొన్నాళ్ళయింది. ఇల్లు పటాన్‌చెరులో. మా నాయిన హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాడు; బడి వదిలినా బడి ఆయన్ను వదలలేదు. గోడ మీద రాసిన ప్రకటనలో దీర్ఘం తప్పుంటే బండి ఆపి, ఆ గోడ యజమానిని పిలిచి మరీ చెప్పే మనిషి. మా చర్చిలో సంఘ పెద్ద. ఊరంతా 'పెద్దసారు' అనేవారు. ఆయనకో నీలం రంగు స్కూటరు ఉండేది. నాకు ఉద్యోగం రాగానే దాన్ని నా పేరు మీదికి మార్పించాడు. ఆదివారాలు మాత్రం చర్చికి ఆయనే తీసుకుపోయేవాడు.

ఆ స్కూటరు సామాన్యమైంది కాదు. ప్రార్థన చేసిన బండి. కొన్న రోజు (నాకు అప్పుడు బడికి పోయే వయసు) మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఇంటికి వచ్చి హెడ్‌లైటు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అయ్యగారిది ఒక పద్ధతి. మనుషుల కోసమైతే పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. బండికి పేరుండదు కాబట్టి నంబరు పెట్టి చేస్తారు. ముందు వంగి ప్లేటు చదువుకునేవారు, తర్వాత కళ్ళు మూసుకుని "ప్రభువా, ఫలానా నంబరు గల ఈ వాహనమును నీ చేతికి అప్పగిస్తున్నాము" అని మొదలుపెట్టేవారు. అలా ఎందుకని నేనడిగితే అమ్మ ఇలా విడమరిచింది: "లేకపోతె ఎట్లరా? గీ రోడ్డు మీద ఎన్ని బండ్లు తిరుగుతున్నయి. పైనించి సూసేటాయనకు మనది ఏదో తెల్వొద్దా?"

తెలిసిందనే అమ్మ నమ్మకం. ఒకసారి ఇస్నాపూర్ మూలమలుపు దగ్గర ఆయిల్ మీద జారి స్కూటరు పక్కకు పడితే, వెనక వస్తున్న లారీ అంగుళాల దూరంలో ఆగింది. డ్రైవరు బ్రేకు వేశాడని నేనన్నాను. బ్రేకు వెయ్యాలనే బుద్ధి వాడికి ఎవరు పుట్టించారని అమ్మ అడిగింది. ఇట్లాంటి ప్రశ్నలకు ప్యాకింగ్ సెక్షన్‌లో జవాబులు నేర్పరు.

ఇక బైకు సంగతి. మా సెక్షన్‌లో నాతో పనిచేసే ఒక భాయ్ ఉండేవాడు. ఏ మాటన్నా చివర "గ్యారంటీ" అని చేర్చేవాడు కాబట్టి అందరూ గ్యారంటీ భాయ్ అనేవాళ్ళం. (ఆయన గ్యారంటీ ఇచ్చిన ఫ్యాను మా క్యాంటీన్‌లో భోజనాల మధ్య ఊడి పడింది. పేరు మాత్రం ఊడలేదు.) ఆయన దగ్గర నల్లటి బైకొకటి కొని, నా పేరు మీదికి మార్పించుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ గేటు దగ్గరే అడ్డం నిలబడింది.

"మంచిగుంది కొడుకా. ఇగ అయ్యగారితోని నంబరు సదివించి ప్రార్థన జేపించు. గదైనంకనే బండి గేటు దాటాలె."

సమస్య అక్కడే ఉంది. అప్పటికి కొన్ని నెలలుగా నేను చర్చి మొఖం చూడలేదు. "ఆదివారం ఓటీ పడ్డదమ్మా" అని యూనిఫాం వేసుకుని బయటికి వచ్చేవాణ్ణి. ఓటీ అంటే ఓవర్‌టైమ్. నా ఓటీ ఇస్నాపూర్‌లోని గ్యారంటీ భాయ్ గదిలో జరిగేది. అందులో పేకముక్కలు, మటన్ కూర, అప్పుడప్పుడు ఒక సీసా ఉండేవి. ఇప్పుడు ప్రార్థనకు పిలిస్తే అయ్యగారు వస్తారు, భుజం మీద చెయ్యి వేస్తారు, "ఏం బాబూ, బాగా కష్టపడుతున్నవంట గదా" అని మెత్తగా అడుగుతారు. తిట్టే మనిషైతే నాకు భయం లేదు. మెత్తగా అడిగే మనిషి ముందు అబద్ధం నిలబడదు, చెమటలా కారిపోతుంది.

కంపెనీలో నా దిగులు విని గ్యారంటీ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అరే, పరేషాన్ ఎందుకయితవ్ మియా? ప్రార్థన దేని మీద జేసిన్రు? బండి మీదనా, నంబరు మీదనా?"

"నంబరు సదివి జేసిన్రు."

"బస్ మరి! ఆ నంబరు తీసి దీనికి బిగించు. తేరీ గాడీ, తేరా నంబరు. కోన్ పూఛ్తా, ఎవడడుగుతడు? గ్యారంటీ!"

నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే నా మనసు దూదిలా తేలికయింది. రెండు బండ్లూ నావే. రెండు నంబర్లూ నావే. కుడి చేతి గడియారం ఎడమ చేతికి పెట్టుకుంటే దొంగతనమవుతుందా? చదువుకున్నవాణ్ణి, మాత్రల పట్టీ మీద ఒక్క బ్యాచ్ నంబరు అటూ ఇటూ అయితే మొత్తం సరుకు వెనక్కి పంపే సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. నాకు ఆ పోలిక మాత్రం తట్టలేదు. మనకు పనికొచ్చే పోలికలే మనకు తడతాయి.

ఆ శనివారం అమ్మ మార్కెట్‌కు, నాయిన సంఘం మీటింగుకు పోయిన సమయం చూసి వాకిట్లో కూర్చున్నాను. బైకు ప్లేట్లు సులభంగానే వచ్చాయి. స్కూటరు ప్లేటే తంటా పెట్టింది. దాని నంబరు చివర 4213. ఆ కాలంలో ప్లేట్లు రాసే పెయింటరు అంకెలన్నీ ముత్యాల్లా రాసి, బోల్టు రంధ్రం మాత్రం చివరి 3కు ఎడమ పక్కన, దాని నోట్లో పెట్టినట్టు కొట్టాడు. మొదటి నుంచీ నల్లగానే ఉన్న ఆ బోల్టు తలకాయ, ఇప్పుడు తుప్పు కూడా పట్టి, 3 కడుపులో ముడుచుకుని పడుకుంది. (ఈ బోల్టును కొంచెం గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోక చెడిపోయాను.) ఏ ప్లేటు బోల్టులతో ఆ ప్లేటు బిగించాక చూస్తే, స్కూటరు ప్లేటు బైకు వెనకలైటును సగం మింగేసింది. బైకు ప్లేటేమో స్కూటరు ముందు భాగాన అటూ ఇటూ ఊగుతూ, పెండ్లికొడుక్కి పక్కింటివాళ్ళ కోటు తొడిగినట్టుంది. నాకు మాత్రం అద్భుతంగా కనిపించింది.

ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం కూడా సిద్ధంగానే ఉంది, అది కాలమే ఇచ్చింది. రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. బండ్ల నంబర్లన్నీ మారుతాయని కొందరు, మారవని కొందరు, పాతవాటికి అక్కర్లేదని ఇంకొందరు ప్రతి హోటల్లో వాదించుకునేవారు. ఎవరికీ ఏదీ ఖాయంగా తెలియదు. అబద్ధానికి అంతకంటే మంచి నేల దొరకదు.

"అమ్మా, ఆఫీసుల నంబర్లు మారుస్తున్నరు గదా. నేను స్కూటర్ నంబరు బైక్ మీదికి ట్రాన్స్‌ఫర్ జేపించిన."

"మరి ప్రార్థన?"

"నంబరుతోని పాటు అదీ వచ్చింది."

అమ్మ కాసేపు ఆలోచించింది. వేదాంతపరంగా ఆమెకు అభ్యంతరమేమీ కనిపించలేదు. కానీ ఇంకో సందేహం వచ్చింది. "గట్లయితె మీ నాయిన బండి ఉత్తదై పాయె గదరా?"

"నాయిన సంఘ పెద్ద. ఆయన కూసున్న బండికి వేరే ప్రార్థన ఎందుకే?"

ఇది ఆమెకు నచ్చింది. ఇంటికొచ్చిన నాయిన స్కూటరు చుట్టూ ఒకసారి తిరిగి, ఊగుతున్న ప్లేటును వేలితో ఆపి, ఒక్కటే మాట అడిగాడు. "ఆఫీసోళ్ళు జేసిన్రా? కాయిదం?"

"పోస్టుల వస్తది నాయినా."

"సరే." అంతే. సర్కారీ నౌకరీ చేసి రిటైరయిన మనిషికి ఆఫీసు మీద, పోస్టు మీద, కొడుకు మీద ఉండాల్సిన నమ్మకమంతా ఆ 'సరే'లో ఉంది. నాకు అప్పుడు వినిపించలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది.

మర్నాడు ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం, అంటే సంఘమంతా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మా చర్చి ఇస్నాపూర్ దిక్కు ఉంటుంది. ఆ ఆరాధనకు ద్రాక్షరసం మా ఇంటి నుంచే పోయేది. అమ్మ నల్ల ద్రాక్షలు ఉడికించి వడగట్టి ఇచ్చేది. నాయిన దాన్ని, చిన్న గాజు గిన్నెల పెట్టెను, తెల్ల గుడ్డను స్కూటరు డిక్కీలో పెట్టుకుని అందరికంటే ముందు పోయేవాడు. ఆ సామాను అందితేనే బల్ల సిద్ధమవుతుంది. ఆ శనివారం రసం పోసే పాత సీసా అమ్మ చేతిలోంచి జారి పగిలింది. అటక మీద వెతికితే చక్కటి సీసా దొరికింది. వెడల్పుగా, మూత గట్టిగా, మెడ దగ్గర పట్టుకోవడానికి వీలుగా ఉంది. దాని కాగితం గీకితే సగమే వచ్చింది. సబ్బుతో, బూడిదతో, వేడినీళ్ళతో కడిగి అందులో రసం పోసింది. ఆ సీసా నాది. ఒక ఓటీ నుంచి మిగిలినది. పారేయడానికి ధైర్యం చాలక అటకెక్కించాను. ఇవేవీ తెలియకుండానే పొద్దున్నే యూనిఫాం వేసుకుని 'డ్యూటీకి' బయల్దేరి, మార్కెట్‌లో మటన్ కోసం వరసలో నిలబడ్డ గ్యారంటీ భాయ్ వంతు వచ్చేదాకా చాలాసేపు ఆగి, ఆయన్ను మటన్ సంచితో సహా ఎక్కించుకున్నాను.

ఇక్కడి నుంచి కాసేపు నేను లేను. నాయిన ఆ సాయంత్రం అమ్మకు చెబుతుంటే పక్క గదిలోంచి విన్నదాన్ని బట్టి రాస్తున్నాను. ముత్తంగి దాటాక రోడ్డు మీద పోలీసులు బండ్లు ఆపుతున్నారు. నాయిన ఆపమనకముందే ఆపాడు. కానిస్టేబుల్ ఫోన్లో నంబరు కొట్టాడు, స్కూటరును చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు.

"పెద్దమనిషీ, ఇది మోటర్ సైకిల్ అని సూపెడుతున్నది."

"లేదు సార్. పుట్టినప్పటి సంది స్కూటరే."

"ఫోన్ల నల్ల రంగు బైక్ అని ఉన్నది."

"తప్పు పడ్డదేమో. దిద్దుండ్రి," అన్నాడు నాయిన, ఎర్ర సిరా పెన్ను ఇస్తున్నంత మర్యాదగా.

ఆర్సీ పుస్తకం అడిగితే ఇచ్చాడు. అందులో నంబరు వేరే. ఎస్సై కూడా దగ్గరికి వచ్చాడు. నాయిన ఏమాత్రం తడబడకుండా చెప్పాడు, "అది పాత నంబరు సార్. ఆఫీసుల మార్పించినం. మావాడే తిరిగి జేపించిండు. కంపెనీల పని జేస్తడు, గివన్నీ మంచిగ తెల్సు వానికి. కాయిదం పోస్టుల వస్తున్నది."

"మంచిగ తెల్సు" అన్న ఆ మాట దగ్గర, పక్క గదిలో ఉన్న నేను చాప మీద పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నాను.

ఎస్సై డిక్కీ తెరవమన్నాడు. కానిస్టేబుల్ లోపల చెయ్యి పెట్టి, సీసాను మెడ పట్టుకుని బయటికి తీశాడు. పాత దోస్తు రైల్లో కనిపించినట్టు అతని మొఖం వెలిగిందట. సగం మిగిలిన కాగితమే అన్నీ చెప్పింది.

"ఏంది పెద్దమనిషీ? పొద్దుగాల పొద్దుగాలనే?"

"అది తాగేటందుకు గాదు సార్. ప్రభువు బల్లకు తీస్కపోతున్న."

"ప్రభు ఎవరు? యాడుంటడు?"

నాయిన అబద్ధమాడే మనిషి కాదు. "అంతట ఉంటడు సార్," అన్నాడు.

కానిస్టేబుల్ ఎస్సై దిక్కు తిరిగి గొంతు తగ్గించాడు. "సార్, అన్ని దిక్కుల సప్లయి ఉన్నట్టున్నది."

ఎస్సైకి విషయం అర్థమై అతన్ని కసిరాడు గానీ, బండి సంగతి మాత్రం తేలలేదు. "ద్రాక్షరసమే సార్, మా ఇంటామె కాసింది. జెర రుచి సూడుండ్రి," అని నాయిన సీసా మూత తీయబోతే కానిస్టేబుల్ వెనక్కి జరిగి "వద్దు వద్దు, డ్యూటీల ఉన్న" అన్నాడట. అంతలో నాయిన జేబులో ఫోను మోగింది. అయ్యగారు. ఆరాధన మొదలయింది, బల్ల మీద ఏమీ లేదు. ఆయన చోట ఇంకెవరైనా ఉంటే టైరు పంక్చరయిందనేవారు. నాయిన "అయ్యగారూ, పోలీసోళ్ళ దగ్గర ఉన్న. బండి దొంగదేమో అని అనుమానపడుతున్నరు. మీరు పాటలు పాడిస్తుండుండ్రి," అన్నాడు.

సరిగ్గా అప్పుడు నేను ముత్తంగి దాటి అక్కడి మలుపు తిరిగాను. ముందు నీలం స్కూటరు కనిపించింది, తర్వాత పోలీసులు, తర్వాత చంకలో బైబిలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, హెడ్‌మాస్టరు ముందు నిలబడ్డ పిల్లవాడిలా మా నాయిన. ఆయన్ను అట్లా నిలబడి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన ముందు జనం అలా నిలబడగా చూశానంతే.

"వాపస్ మార్!" అన్నాడు గ్యారంటీ భాయ్ చెవిలో.

తండ్రిని చూసి నేను ముందుకు ఉరికాననీ, చేతులు పట్టుకున్నాననీ మీరు అనుకుంటుంటే దయచేసి అనుకోవద్దు. నేను బండి తిప్పాను. వెనక్కి తిప్పుకుని పారిపోయేవాళ్ళ కోసమే ఇంకో కానిస్టేబుల్ చెట్టు చాటున నిలబడి ఉంటాడని నాకు తెలియదు. ఆయన తాళంచెవి లాక్కుని, నన్నూ బైకునూ నడిపించుకుంటూ నాయిన ముందుకే తెచ్చి నిలబెట్టాడు. నేను తిరిగి రాలేదు, తెచ్చారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ తేడా నాకు గుచ్చుకుంటుంది.

నాయిన నన్ను చూశాడు. యూనిఫాంను చూశాడు. గ్యారంటీ భాయ్ చేతిలోని మటన్ సంచిని చూశాడు. మొదటి కానిస్టేబుల్ ఉత్సాహంగా నా బైకు నంబరు చదివి ఫోన్లో కొట్టి కెవ్వుమన్నాడు.

"సార్! ఇది మోపెడ్ అంట! జిన్నారం పక్క ఊరోళ్ళది!"

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. "స్కూటరేమో బైక్. బైకేమో మోపెడ్. ఇగ ఆ మోపెడ్‌ను పట్టుకొస్తే ట్రాక్టర్ అయితదేమో. ఏం నంబర్ కొట్టినవయ్యా?"

"నాలుగు రెండు ఒకటి ఎనిమిది సార్."

అప్పుడు నాయిన గొంతు వినిపించింది. నల్లబల్ల మీద తప్పు కనిపిస్తే ఊరుకోలేని గొంతు. "అది ఎనిమిది గాదు సార్. మూడు. బోల్టు అడ్డమొచ్చింది."

కానిస్టేబుల్ మళ్ళీ కొట్టాడు. "స్కూటర్ సార్. నీలం రంగు." అని నీలం స్కూటరు దిక్కు, నా దిక్కు చూశాడు. అందరికీ అన్నీ అర్థమయ్యాయి. నన్ను పట్టించింది పోలీసులు కాదు. దిద్దకుండా ఉండలేని మా నాయిన అలవాటు. ఆ మాట అన్నాక ఆయనకు కూడా అది తట్టినట్టుంది. చూపు ప్లేటు మీది నుంచి నేల మీదికి దించాడు.

"నేను లిఫ్ట్ అడిగిన సార్. నాకేం తెల్వది. గ్యారంటీ," అన్నాడు గ్యారంటీ భాయ్.

"ఆఫీసుల మార్పించిన్రు అన్నడు మీ నాయిన," అన్నాడు ఎస్సై నాతో. "పోస్టుల వస్తున్నదా కాయిదం?"

"లేదు సార్. నేనే మార్చిన. పానాతోని. మా నాయినకు తెల్వది. ఆయనకు అబద్ధం జెప్పిన."

"ఎందుకు? చలాన్లు తప్పించుకునేటందుకా?"

"కాదు సార్. ప్రార్థన కోసం."

మొత్తం చెప్పాను. చెబుతున్నకొద్దీ నా చెవులకే అది మరీ అన్యాయంగా వినిపించింది. ఎస్సై రెండుసార్లు మొఖం పక్కకు తిప్పుకున్నాడు.

"రెండు బండ్లు నాయే సార్," అన్నాను చివరికి, ఆఖరి ఆయుధంగా.

"నీకు ఇద్దరు కొడుకులుంటే పెద్దోని హాల్‌టికెట్ ఇచ్చి చిన్నోన్ని పరీక్షకు తోలుతవా? ఇద్దరు నా కొడుకులే సార్ అంటవా?"

ఇంత ఇబ్బందిలోనూ ఆ ఉదాహరణ మా నాయినకు నచ్చిందని ఆయన కనుబొమలు చెప్పాయి.

ఎస్సై న్యాయంగా నడుచుకున్నాడు. నా మీద కేసు రాశాడు, బైకు స్టేషన్‌కు అన్నాడు. స్కూటరు ప్లేటు స్కూటరుకు అక్కడే బిగిస్తే పెద్దసారును పంపిస్తానన్నాడు. పానా నా సంచిలోనే ఉంది. రోడ్డు పక్క మోకాళ్ళ మీద కూర్చున్నాను. నిన్న తంటా పెట్టినా ఊడివచ్చిన బోల్టు ఇవాళ పట్టు విడవదు. మళ్ళీ ఫోను మోగింది. అందులోంచి మా సంఘమంతా అప్పటికే పాడిన పాటను మళ్ళీ మొదటి నుంచి పాడుతున్న చప్పుడు. "ఇంకెంతసేపు సారూ? వచ్చిన పాటలన్ని అయిపోయినయి," అంటున్నారు అయ్యగారు. నాయిన "బోల్టు ఒకటి ఉన్నది అయ్యగారూ" అన్నాడు. ప్లేటును రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, చిన్నపిల్లలు పలక పట్టుకున్నట్టు. ఆరాధనకు ఆలస్యమైన సంఘం వాళ్ళు ఎక్కిన ఆటో ఒకటి మా పక్క నుంచే నెమ్మదిగా పోయింది. లోపలివాళ్ళు "పెద్దసారూ!" అని చేతులూపారు. ఆయన ప్లేటుతో సహా చెయ్యెత్తాడు.

బిగించాక ఆయన స్కూటరు మీద కూర్చుని, నా దిక్కు చూడకుండానే "కూసో" అన్నాడు. కానిస్టేబుల్ సీసాను నా చేతికి తిరిగి ఇచ్చి, "డిక్కీల పెట్టకు, పట్టుకో" అన్నాడు. అట్లా కంపెనీ యూనిఫాంలో, మసి చేతులతో, నా సీసాను నేనే గుండెకు హత్తుకుని నెలల తర్వాత చర్చికి పోయాను. గ్యారంటీ భాయ్ మటన్ సంచితో నడుచుకుంటూ పోయాడు.

వెనక వరసలో కూర్చున్నాను. ప్రార్థనలయ్యాక నాయిన చిన్న గిన్నెల పళ్ళెంతో ఒక్కొక్క వరస దాటుతూ వచ్చాడు. తప్పు మనసులో పెట్టుకుని ఆ గిన్నె అందుకోకూడదంటారు. నా దగ్గర ఆగితే ఏం చేయాలి, తల అడ్డంగా ఊపాలా, లేచి బయటికి పోవాలా అని నాలో నేను కొట్టుమిట్టాడుతున్నాను. ఆగాడు. నా చేతులు చూశాడు.

"చేతులు కడుక్కొని రా," అన్నాడు మెల్లగా.

బయట నల్లా దగ్గర చాలాసేపు కడుక్కున్నాను. మసి పూర్తిగా పోలేదు. తిరిగి వచ్చేసరికి ఆయన అదే చోట పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంఘమంతా ఎదురుచూస్తోంది.

సాయంత్రం అమ్మ ఆ చిన్న గిన్నెలు కడుగుతూ ఏడ్చింది. ప్లేటు గురించి కాదు. "సీసా ఎవలిదిరా?" అని అడిగితే పక్క గదిలోంచే చెప్పాను, అందుకు. చాలాసేపటికి తేరుకుని, "పోనీ తీ, నంబరైతే మళ్ళ మన స్కూటరుకు వచ్చింది. ప్రార్థన ఎక్కడికి పోలే," అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది.

నాయిన గొంతు సవరించుకున్నాడు. "అది ఎప్పుడు మన దగ్గర లేదు."

"ఏంది?"

"పొద్దుగాల ఆ కానిస్టేబుల్ సదివినట్టే అయ్యగారు గూడ సదివిండు. ఎనిమిది అన్నడు. కొన్న దినమే."

నేను పక్క గదిలోంచి బయటికి వచ్చేశాను. ఏ ప్రార్థన కోసం నేను ప్లేట్లు పీకానో, ఏ ప్రార్థన కోసం కన్నతండ్రిని రోడ్డు మీద దొంగలా నిలబెట్టానో, అది ఆ ప్లేటు మీద ఏనాడూ లేదు. అమ్మ చేతిలోని గిన్నె అట్లాగే ఆగిపోయింది.

"గంత తెల్సి సెప్పకపోతివా? ప్రపంచంల అందర్ని దిద్దుతవు గదా!"

"కండ్లు మూసుకొని అప్పజెప్తుండు. నడుమల ఎట్ల ఆపుతం? ఆమెన్ అయినంక ఇగ ఏం దిద్దుతం? ఎవరి బండో ఒకరిది, పోనీ మంచిగుంటది అనుకున్న."

"మరి గిన్నేండ్లు మన బండి?"

నాయిన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మెల్లగ నడిపిన," అన్నాడు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. బైకు అమ్మేశాను. గ్యారంటీ భాయ్ ఇప్పుడు పాత బండ్ల దుకాణం పెట్టాడు, దాని పేరు మీరు ఊహించగలరు. నాయిన స్కూటరు నడపడం మానేసి, నా కారులో ముందు సీట్లో కూర్చుని స్పీడు ముల్లు మీద కన్నేసి ఉంటాడు. మొన్న ఆదివారం ఒక పెండ్లికని జిన్నారం దిక్కు పోతున్నాం. ఎదురుగా, రాంగ్ సైడులో, ఒక మోపెడ్ వస్తోంది. ముసలి బండి, రంగు ఏదో చెప్పలేం. నడిపే ఆయన భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని గట్టిగా మాట్లాడుతున్నాడు. ముందు రెండు పాలక్యాన్లు, వెనక భార్య, ఆమె వెనక గడ్డిమోపు, దాని మీద ఒక మేకపిల్ల. కెమికల్ ట్యాంకరుకూ బస్సుకూ మధ్య సందులోంచి, సూదిలో దారం పోయినట్టు దూరి, ఒక్క గడ్డిపోచ కూడా రాలకుండా మా పక్క నుంచి పోయింది. నేను బ్రేకు తొక్కి కారు పక్కకు ఆపాను. నాయిన వెనక్కి తిరిగి, కళ్ళు చికిలించి, ఆ ప్లేటును చదివాడు.

"నాలుగు రెండు ఒకటి ఎనిమిది," అన్నాడు. "ఇది నిజంగ ఎనిమిదే."

ఇద్దరం అది దుమ్ములో కలిసిపోయేదాకా చూశాం.

"ఎంత మంచిగ పనిజేస్తున్నదో సూసినవా," అన్నాడు నాయిన సంతోషంగా. తర్వాత సీటుబెల్టు ఒకసారి లాగి చూసుకుని, ముందుకు తిరిగి కూర్చున్నాడు. "నువ్వు మాత్రం మెల్లగ పోనీ."